ముందు స్లడ్జ్‌కి వయసు రానివ్వమ్మా

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చేరి మూడు నెలలు కాకముందే మురుగునీటిలో హార్మోన్లు తగ్గించే పని నీ చేతిలో పెట్టారంటే నీ మీద నమ్మకం ఉన్నట్టే. టెన్షన్‌గా ఉందని రాశావు. కొత్తలో అందరికీ ఉంటుంది, దాని గురించి దిగులు పడకు. "మాస్టారూ, ఏ బ్యాక్టీరియా వేస్తే హార్మోన్లు పోతాయి, కల్చర్ ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగావు. దానికి జవాబు చెప్పే ముందు నేనొకటి అడుగుతాను. మీ ఏరేషన్ ట్యాంకులో, అంటే మురుగుకు గాలి పట్టించే ట్యాంకులో, స్లడ్జ్ వయసెంత? అంటే బ్యాక్టీరియాతో నిండిన ఆ బురద సగటున ఎన్ని రోజులు లోపల నిలుస్తోంది? నాలుగు పేజీలు రాశావు గానీ ఆ మాట ఎక్కడా లేదు.

నీకు కావాల్సిన బ్యాక్టీరియా మీ ట్యాంకులో ఇప్పటికే ఉంది. తక్కువగా ఉంది, అంతే. అది నెమ్మదిగా పెరిగే రకం. అది పెరిగే లోపలే, రోజూ మిగులు స్లడ్జ్‌ను తీసేసే వేస్టింగ్‌లో దాన్ని బయటికి తోసేస్తున్నారు. కొత్తదాన్ని తేవడం కంటే ఉన్నదాన్ని నిలబెట్టుకోవడమే నీ మొదటి పని. ఇది ఎందుకంత గట్టిగా చెబుతున్నానో, నేనెక్కడ దెబ్బ తిన్నానో వివరంగా రాస్తాను. తొందరపడకుండా చదువు.

ముందు ఈ హార్మోన్ల కొలతలు మనసుకు పట్టాలి. మురుగులో సేంద్రియ కాలుష్యం ఎంతుందో చెప్పే, మనం అలవాటుపడిన బీఓడీ, సీఓడీలు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటాయి. హార్మోన్లు నానోగ్రాముల్లో ఉంటాయి. నానోగ్రామంటే గ్రాములో 100 కోట్ల వంతు. ప్లాంటులోకి వచ్చే మురుగులో ఎస్ట్రోన్, ఎస్ట్రాడయాల్ లాంటివి లీటరుకు పదుల నానోగ్రాముల్లో కనిపిస్తాయి. ఇంత తక్కువకు ఇంత హడావుడి ఎందుకని మీ ప్లాంటులో ఎవరైనా అంటే చేపల సంగతి చెప్పు. 1990లలో బ్రిటన్‌లో శుద్ధి చేసిన మురుగునీరు కలిసే చోట మగ ట్రౌట్ చేపలను బోనుల్లో ఉంచి చూశారు. గుడ్డు సొనకు ముడిసరుకైన వైటెల్లోజెనిన్ అనే ప్రోటీన్ వాటి రక్తంలో విపరీతంగా పెరిగింది. అది మామూలుగా ఆడ చేపల్లో తయారయ్యే ప్రోటీన్. తర్వాత కెనడాలోని ఓంటారియోలో 260వ నంబరు సరస్సులో 2001 నుంచి 2003 దాకా, వేసవి కాలాల్లో, లీటరుకు 5 నుంచి 6 నానోగ్రాముల ఇథినైల్ ఎస్ట్రాడయాల్ ఉండేలా కలిపారు. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప ఆ సరస్సులో దాదాపు కనుమరుగైంది. కారెన్ కిడ్ బృందం 2007లో ఆ ఫలితాలను ప్రచురించింది. అవి చదివిన రోజు నాకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఎన్నో ఏళ్లుగా "నీరు బాగుంది" అని సంతకం పెట్టిన చెయ్యి నాది.

నువ్వు చూడాల్సినవి ముఖ్యంగా నాలుగు, అన్నీ ఈస్ట్రోజెన్లనే ఆడ హార్మోన్ల కుటుంబంవే. ఎస్ట్రాడయాల్, ఎస్ట్రోన్, ఎస్ట్రియాల్ అనే మూడూ మనుషుల, జంతువుల ఒంట్లో పుట్టేవి. నాలుగోది ఇథినైల్ ఎస్ట్రాడయాల్, గర్భనిరోధక మాత్రల్లో వాడే కృత్రిమ హార్మోను. 1938లో బెర్లిన్‌లో తయారుచేశారు. మాత్ర మింగాక కాలేయంలో చెడిపోకూడదని దాని అణువులో 17వ కార్బన్ దగ్గర ఒక ఇథినైల్ గుంపు తగిలించారు. కాలేయాన్ని ఆపినట్టే అది బ్యాక్టీరియానూ ఆపుతుంది. అందుకే మిగతా మూడింటి కంటే ఇది మొండిది.

ఇవి చాలావరకు మురుగులోకి నేరుగా హార్మోన్ల రూపంలో రావు. ఒంట్లోంచి బయటికి వెళ్లేటప్పుడు కాలేయం వాటికి గ్లూకురోనిక్ ఆమ్లాన్నో సల్ఫేట్‌నో జతచేసి నీళ్లలో కరిగేలా చేసి పంపుతుంది. అలా జతకట్టిన హార్మోను పని చేయదు. కానీ మలంలో ఉండే ఈ.కోలై లాంటి బ్యాక్టీరియా దగ్గర బీటా గ్లూకురోనిడేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మురుగు పైపుల్లోనే అది ఆ ముడి విప్పేస్తుంది, హార్మోను మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. సల్ఫేట్ ముడి అంత తేలిగ్గా ఊడదు. అది ప్లాంటు దాకా వచ్చి, లోపల నెమ్మదిగా విడుతుంది.

ఈ చిన్న విషయం తెలియక నేను రెండు వారాలు పోగొట్టుకున్నాను. మొదటిసారి ఇన్‌లెట్, అవుట్‌లెట్ శాంపిళ్లు పంపించినప్పుడు రిపోర్టులో ఎస్ట్రోన్ ఇన్‌లెట్‌లో కంటే అవుట్‌లెట్‌లోనే ఎక్కువుంది. శుద్ధి చేస్తే పెరగడమేమిటని పైవాళ్లు అడిగారు. నేను ల్యాబునే అనుమానించి మళ్లీ మళ్లీ శాంపిళ్లు పంపాను. తప్పు ల్యాబుది కాదు. జతకట్టిన రూపాలను ఆ పరీక్ష చూడదు, విడిపోయిన హార్మోనునే చూస్తుంది. పైగా ఎస్ట్రాడయాల్‌ను బ్యాక్టీరియా మొదట ఎస్ట్రోన్‌గానే మారుస్తుంది. లోపల రెండు దారుల్లో ఎస్ట్రోన్ పుడుతుంటే, దాన్ని తినే బ్యాక్టీరియా చాలినంత లేనప్పుడు బయటికి వచ్చేది అదే కదా. కాబట్టి ఎవరైనా "ఎస్ట్రాడయాల్ 95 శాతం పోయింది" అని కాగితం చూపిస్తే వెంటనే సంబరపడకు. ఎస్ట్రోన్ ఎంతుందో అడుగు. బతికున్న స్లడ్జ్ ఏదైనా సరే, గాలి అందితే ఎస్ట్రాడయాల్‌ను కొన్ని గంటల్లోనే ఎస్ట్రోన్ చేసేస్తుంది. అసలు పరీక్ష ఎస్ట్రోన్ దగ్గరే మొదలవుతుంది.

ఇక బ్యాక్టీరియా. పేర్లు అడిగావు కాబట్టి చెబుతాను. జపాన్ శాస్త్రవేత్తలు టోక్యోలో ఒక ప్లాంటు స్లడ్జ్ నుంచి ఎస్ట్రాడయాల్‌ను తినే బ్యాక్టీరియాను వేరుచేశారు. దాని పేరు నోవోస్ఫింగోబియమ్ టార్డాజెన్స్. ఆ రెండో మాటకు అర్థం నెమ్మదిగా పెరిగేదని. పేరులోనే నీకు కావాల్సిన సలహా ఉంది చూడు. అమెరికాలో మరో ప్లాంటు స్లడ్జ్‌లో దొరికిన స్ఫింగోమోనాస్ కేసీ8 మీద ఇంకా లోతుగా పని జరిగింది. అది ఎస్ట్రాడయాల్‌ను ఎస్ట్రోన్ చేసి, ఎస్ట్రోన్ అణువులో మొదటి వలయం మీద ఒక ఆక్సిజన్ ఎక్కించి, ఆ వలయాన్ని తెంపేస్తుంది. చేప ఒంట్లో హార్మోనును పట్టుకునే రిసెప్టర్ గుర్తుపట్టేది ముఖ్యంగా ఆ వలయాన్నే. అది తెగిన తర్వాత అణువు మిగిలినా హార్మోనులా పనిచేయలేదు. టెస్టోస్టిరాన్ లాంటివాటిని తినడంలో కొమామోనాస్ టెస్టోస్టెరోనీకి పేరుంది. గాలి లేని చోట నైట్రేట్‌తో ఊపిరి పీలుస్తూ ఎస్ట్రాడయాల్‌ను తినే డెనిట్రాటిసోమా అనే రకమూ ఉంది. గమనించు, వీటిలో చాలావరకు మురుగు ప్లాంటుల్లో, వాటి స్లడ్జ్‌లో దొరికినవే.

మరి అవి మన దగ్గరే ఉంటే పని ఎందుకు జరగదు? లీటరుకు పది, ఇరవై నానోగ్రాముల హార్మోను ఏ బ్యాక్టీరియాకూ కడుపు నింపదు. అంత పలుచని తిండి మీద అది బతకలేదు, పిల్లలను పెట్టలేదు. అది మురుగులో ఉండే వేరే పదార్థాలను తిని బతుకుతూ, దారిలో తగిలిన హార్మోనును కూడా తింటుంది. సులువుగా దొరికే తిండి దండిగా ఉన్నప్పుడు గబగబా పెరిగే బ్యాక్టీరియాదే రాజ్యం. తిండి కరువైనప్పుడు, అంటే స్లడ్జ్ ముదిరి ఆకలి మీద ఉన్నప్పుడు, ఏది దొరికితే అది తినే నెమ్మది రకాలకు చోటు దొరుకుతుంది.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. కొన్నేళ్ల కిందట నేనూ నీలాగే కల్చర్ మీద ఆశ పెట్టుకున్నాను. ల్యాబులో ఫ్లాస్కుల్లో పెంచాం. ఎస్ట్రోన్ వేస్తే రెండు రోజుల్లో శుభ్రం. అందరికీ చూపించుకున్నాం. డ్రమ్ముల్లో పెంచి ఏరేషన్ ట్యాంకులో పోశాం. మొదటి వారం అవుట్‌లెట్‌లో ఎస్ట్రోన్ తగ్గింది. రెండో వారం కొంచెం పెరిగింది. మూడో వారానికి మళ్లీ పాత అంకె. మైక్రోస్కోపు కింద చుక్క పెట్టి చూస్తే సంగతి అర్థమైంది. వోర్టిసెల్లాలనే ఏకకణ జీవులు (ప్రోటోజోవా) కాడల మీద ఊగుతూ, నోటి చుట్టూ వెంట్రుకలతో సుడి తిప్పుతూ, నీళ్లలో విడిగా ఈదే బ్యాక్టీరియాను ఒక్కొక్కటిగా లాక్కుంటున్నాయి. ఫ్లాస్కులో పెరిగిన మన కల్చర్‌కు ఫ్లాక్‌లో, అంటే స్లడ్జ్‌లోని బ్యాక్టీరియా ముద్దల్లో, అతుక్కోవడం రాలేదు. విడిగా తేలింది. కొంత ప్రోటోజోవా తినేసింది, కొంత అవుట్‌లెట్‌లో కొట్టుకుపోయింది. ఫ్లాక్‌లో ఇరుక్కున్న కాస్తా వేస్టింగ్‌లో పోయింది. అప్పుడు మా స్లడ్జ్ వయసు ఐదు రోజులు కూడా లేదు. అలాంటి ట్యాంకులో ఏ కల్చర్ పోసినా చిల్లు కుండలో నీళ్లు పోసినట్టే.

అందుకే మొదట ఆ లెక్క వెయ్యి. స్లడ్జ్ వయసంటే ట్యాంకులో ఉన్న మొత్తం ఘనపదార్థాన్ని రోజూ బయటికి పోయే ఘనపదార్థంతో భాగించడమే. ఒక ఉదాహరణ చూడు. ట్యాంకు 3,000 ఘనపు మీటర్లు, ఎంఎల్‌ఎస్‌ఎస్ (ట్యాంకు నీళ్లలో తేలే ఘనపదార్థం) లీటరుకు 3,500 మిల్లీగ్రాములు అనుకుందాం. లోపల 10,500 కిలోల స్లడ్జ్ ఉంది. లీటరుకు 8,000 మిల్లీగ్రాములున్న స్లడ్జ్‌ను రోజుకు 100 ఘనపు మీటర్లు వేస్ట్ చేస్తున్నారు. అంటే 800 కిలోలు. 10,500ని 800తో భాగిస్తే 13 రోజులు వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. స్లడ్జ్ అడుగుకు దిగే క్లారిఫయర్ ట్యాంకు మీదుగా పొర్లే నీళ్లతో పోయేదాన్ని మర్చిపోతారు. రోజుకు 10,000 ఘనపు మీటర్ల నీరు, అందులో లీటరుకు 20 మిల్లీగ్రాముల ఘనపదార్థం ఉంటే అదే ఇంకో 200 కిలోలు. మొత్తం 1,000 కిలోలు. నిజమైన వయసు పదిన్నర రోజులే. చలికాలంలో ఈ రెండున్నర రోజుల తేడాయే నీ నెమ్మది బ్యాక్టీరియా ఉండాలా పోవాలా అన్నది తేలుస్తుంది.

ఎంత వయసు ఉండాలని అడుగుతావు. జర్మనీలోని వీస్‌బాడెన్ ప్లాంటు మీద 2003లో వచ్చిన అధ్యయనం ఈ రంగంలో అందరూ చెప్పుకునేది. అక్కడ స్లడ్జ్ వయసు నాలుగు రోజుల లోపు ఉన్నప్పుడు ఇథినైల్ ఎస్ట్రాడయాల్ పెద్దగా తగ్గేది కాదు. నైట్రిఫికేషన్ (బ్యాక్టీరియా అమోనియాను నైట్రేట్ చేయడం), డీనైట్రిఫికేషన్ (ఆ నైట్రేట్‌ను నైట్రోజన్ వాయువు చేయడం) పెట్టి వయసును 11 నుంచి 13 రోజులకు పెంచాక ఈస్ట్రోజెన్లు 90 శాతానికి పైగా పోయాయి. ఇంకొక మాట కూడా అందులో తేలింది. సహజ హార్మోన్లు గాలి లేని డీనైట్రిఫికేషన్ ట్యాంకులోనూ తగ్గాయి గానీ ఇథినైల్ ఎస్ట్రాడయాల్ మాత్రం గాలి ఉన్న నైట్రిఫికేషన్ ట్యాంకులోనే తగ్గింది. జీర్ణమైన స్లడ్జ్‌కు అంటుకుని పోయింది 5 శాతం దాకానే, మిగతాది బ్యాక్టీరియా పనే. నా అనుభవంలో పది రోజులు దాటితే మార్పు కనిపిస్తుంది. నీళ్లు బాగా చల్లబడే రోజుల్లో పదిహేనుకు పోవాలి.

వయసు పెంచడమంటే వేస్టింగ్ తగ్గించడమే. చెప్పడం తేలిక, చేసేటప్పుడు చాలా ఓపిక కావాలి. ఒక్కరోజులో వేస్టింగ్ వాల్వ్ సగానికి మూసెయ్యకు. ఒక్కసారికి పది శాతానికి మించి మార్చకుండా, ప్రతి మార్పు తర్వాత కొన్ని రోజులు ఆగి చూడు. ఎంఎల్‌ఎస్‌ఎస్ పెరిగేకొద్దీ క్లారిఫయర్ మీద బరువు పెరుగుతుంది. క్లారిఫయర్ అడుగున పేరుకునే స్లడ్జ్ పొర, అదే స్లడ్జ్ దుప్పటి, ఎంత ఎత్తుకు వచ్చిందో రోజూ కొలవాలి. వర్షం పడి ప్రవాహం పెరిగిన రోజున ఆ దుప్పటి గట్టు దాటి పొర్లితే నెల రోజుల కష్టం ఒక్క పూటలో పోతుంది. ముదిరిన స్లడ్జ్‌లో గోధుమరంగు చిక్కటి నురగ కూడా రావచ్చు. అది పీచు బ్యాక్టీరియా పని. నురగను నీళ్లు కొట్టి మళ్లీ ట్యాంకులోకే తోసెయ్యొద్దు, పైనుంచి తీసి బయటికి పంపు. లోపలికి తోస్తే ఆ పీచుకు మళ్లీ నువ్వే విత్తనం వేసినట్టు.

గాలి ఖర్చు గురించి ముందే పైవాళ్లకు చెప్పిపెట్టు. నైట్రిఫికేషన్ మొదలైతే గ్రాము అమోనియా నైట్రోజన్‌కు 4.57 గ్రాముల ఆక్సిజన్ కావాలి. గాలి ఊదే బ్లోయర్లు ఎక్కువ తిరుగుతాయి. డీఓను, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్‌ను, లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర నిలబెట్టు. అది కూడా మీటర్ పెట్టిన ఒక్క మూలలో చూసి సంతోషపడకుండా, చేతి మీటర్ పట్టుకుని ట్యాంకు చుట్టూ నడిచి చూడు. గాలి బుడగలు వదిలే డిఫ్యూజర్ మూసుకుపోయిన మూలల్లో బుడగలు పెద్దవిగా, అక్కడక్కడా వస్తుంటాయి, కంటికే తెలుస్తుంది. క్షారతనం కూడా తగ్గుతుంది. ఒక మిల్లీగ్రాము అమోనియా నైట్రోజన్‌కు 7.14 మిల్లీగ్రాముల క్షారతనం ఖర్చవుతుంది. పీహెచ్ జారిపోతుంటే కారణం అక్కడ వెతుకు.

అమోనియా మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను, రోజూ హార్మోను కొలవలేవు. ఆ పరీక్ష ఖరీదైనది, రిపోర్టు ఆలస్యంగా వస్తుంది. అమోనియా మాత్రం అరగంటలో తేలుతుంది. అవుట్‌లెట్‌లో అమోనియా లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు, రోజు తర్వాత రోజు నిలకడగా ఉంటే, నెమ్మదిగా పెరిగే బ్యాక్టీరియా నీ ట్యాంకులో కుదురుకున్నట్టు. ఒక్కసారిగా అమోనియా లేచిందంటే హార్మోన్లూ లేచి ఉంటాయని అనుమానించు. అయితే ఇది గుర్తు మాత్రమే. హార్మోనును తినేది నైట్రిఫయర్లేనని, అంటే నైట్రిఫికేషన్ చేసే బ్యాక్టీరియానేనని, ఎక్కడా రాసెయ్యకు. 2004లో అలాంటి నైట్రిఫయరే అయిన నైట్రోసోమోనాస్ యూరోపియా ఈస్ట్రోజెన్లను చెడగొడుతుందని ల్యాబులో చూపించారు. అమోనియాను ఆక్సీకరించే ఎంజైమే దారిలో హార్మోనునూ పట్టుకుంటుందని చాలామంది నమ్మారు, నేనూ నమ్మాను. 2008లో మరో బృందం ఆ ప్రయోగాలను జాగ్రత్తగా తిరిగి చేసింది. ఫ్లాస్కులో అమోనియా చాలా ఎక్కువ పోయడం వల్ల నైట్రైట్ పేరుకుపోయి, ఆ నైట్రైటే రసాయన చర్యతో ఇథినైల్ ఎస్ట్రాడయాల్‌కు అతుక్కుంటోందని తేలింది. బ్యాక్టీరియా పనిలా కనిపించింది రసాయనం పని. మామూలు ప్లాంటులో అంత నైట్రైట్ ఉండదు. వయసు ముదిరిన స్లడ్జ్‌లో నైట్రిఫయర్లతో పాటు పెరిగే ఇతర బ్యాక్టీరియాదే పెద్ద చెయ్యి అని ఇప్పుడు ఎక్కువమంది అంటారు. నాకూ అదే సరైనదనిపిస్తుంది.

ఆ ఉదంతం నుంచి నీ జార్ టెస్టుకు పనికొచ్చే విషయాలు చాలా ఉన్నాయి. మీ ట్యాంకు నుంచి తాజాగా తీసిన స్లడ్జ్‌ను రెండు గాజు జార్లలో పొయ్యి. ఒకటి బతికున్నది, రెండోదానిలో సోడియం అజైడ్ వేసి బ్యాక్టీరియా పని ఆపెయ్యి. రెండింటిలోనూ హార్మోను కలిపి చూడు. హార్మోన్లు స్లడ్జ్‌కు గట్టిగా అంటుకుంటాయి కాబట్టి, ఆపేసిన జార్‌లో కూడా నీళ్లలోని హార్మోను తగ్గుతుంది. ఆ తగ్గుదల తినడం కాదు, అంటుకోవడం. రెండు జార్ల మధ్య తేడాయే బ్యాక్టీరియా పని. నీళ్లనే కాకుండా స్లడ్జ్‌ను కూడా పరీక్షిస్తే ఇంకా నమ్మకంగా చెప్పగలవు. అజైడ్ విషం. చేతి తొడుగులు లేకుండా ముట్టుకోకు, ఆమ్లంలో కలపకు, సింకులో పారబొయ్యకు. రాగి, సీసం పైపుల్లో అది పేలే లవణాలుగా మారుతుంది.

హార్మోను కలిపేటప్పుడు ఇంకో పొరపాటు జరుగుతుంది. దాన్ని మిథనాల్‌లో కరిగించి జార్‌లో పోస్తారు. నానోగ్రాముల హార్మోనుతో పాటు దానికి లక్షల రెట్ల మిథనాల్ లోపలికి వెళ్తుంది. బ్యాక్టీరియాకు అది విందు. దాంతో ప్రయోగమే వేరే దారి పడుతుంది. ఖాళీ జార్‌లో ముందు ఆ చుక్క వేసి, మిథనాల్ పూర్తిగా ఆరిపోయాక, అప్పుడు స్లడ్జ్ పొయ్యి. ఎంత కలపాలంటే, మీ ఇన్‌లెట్‌లో ఉన్నంతకు దగ్గరగా. మిల్లీగ్రాముల్లో కలిపి వచ్చిన ఫలితం నానోగ్రాముల ప్లాంటుకు పనికిరాదు.

శాంపిల్ సంగతి ఇప్పుడు. ముదురు రంగు గాజు సీసాలే వాడు, ప్లాస్టిక్ వద్దు. మిథనాల్‌తో కడిగి ఆరబెట్టు. ఒక్క మగ్గుతో ముంచి తెచ్చిన నీళ్లు ఆ నిమిషం సంగతే చెబుతాయి, కాబట్టి 24 గంటల కాంపోజిట్, అంటే రోజంతా కొంచెం కొంచెంగా తీసి కలిపిన శాంపిల్, తియ్యి. ఇన్‌లెట్, అవుట్‌లెట్ ఒకే గంటలో తీస్తే అవి వేరువేరు నీళ్లు. లోపల నీరు ఎన్ని గంటలుంటుందో అన్ని గంటలు ఆగి అవుట్‌లెట్ తీయాలి. శాంపిల్‌ను మంచులో పెట్టి, 4 డిగ్రీల దగ్గర ఉంచి, వీలైనంత త్వరగా ల్యాబుకు పంపు. సీసాలో కూడా బ్యాక్టీరియా పని ఆపదు. హార్మోన్ క్రీములు రాసుకునేవాళ్ల చేత శాంపిల్ తీయించకు. డ్యూటీరియం (బరువైన హైడ్రోజన్) ఎక్కించిన హార్మోనును, పోల్చి చూసే స్టాండర్డ్‌గా శాంపిల్‌లో ముందే కలుపుతున్నారా లేదా అని ల్యాబును అడుగు. అది లేకుండా ఎల్‌సీ-ఎంఎస్‌లో, అంటే హార్మోన్లను వేరుచేసి బరువును బట్టి కొలిచే యంత్రంలో, మురుగునీటి అంకెలను నమ్మలేం.

రసాయన పరీక్షతో పాటు ఈస్ట్ పరీక్ష కూడా చేయించగలిగితే చేయించు. మనిషి ఈస్ట్రోజెన్ రిసెప్టర్ జీన్‌ను ఎక్కించిన ఈస్ట్ అది. నీళ్లలో ఈస్ట్రోజెన్‌లా పనిచేసేది ఏదున్నా పసుపు రంగు ఎరుపుకు తిరుగుతుంది. నాలుగు హార్మోన్ల పేర్లు మాత్రమే వెతికే యంత్రానికి కనిపించనిదాన్ని కూడా ఇది పట్టుకుంటుంది. మొదటిసారి ప్లేటులో ఇన్‌లెట్ వరుస ఎర్రగా, స్లడ్జ్ వయసు పెంచాక తీసిన అవుట్‌లెట్ వరుస పసుపుగానే ఉండిపోవడం చూసినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి. అన్ని నెలలు వేస్టింగ్ వాల్వ్ దగ్గర నిలబడిన ఆపరేటర్లను పిలిచి ఆ ప్లేటు చూపించాను. నువ్వూ చూపించు. వాల్వ్ తిప్పేది వాళ్లు. ఎందుకు తిప్పుతున్నారో వాళ్లకు తెలిస్తే రాత్రి షిఫ్టులో కూడా పని సరిగా జరుగుతుంది.

చాలామంది పట్టించుకోని ఒక మూల ఉంది. డైజెస్టర్ నుంచి, అంటే స్లడ్జ్‌ను గాలి లేకుండా కుళ్లబెట్టే ట్యాంకు నుంచి, వచ్చిన స్లడ్జ్‌ను పిండినప్పుడు దిగే నల్లటి నీళ్లు తిరిగి ఇన్‌లెట్‌కే వస్తాయి. గాలి లేని చోట హార్మోన్లు సరిగా చెడవు. ఎస్ట్రోన్ వెనక్కి తిరిగి ఎస్ట్రాడయాల్ కూడా అవుతుంది. ఆ నీళ్లలో అమోనియా కూడా బాగా ఎక్కువ. పగలంతా స్లడ్జ్‌ను పిండి, ఆ నీళ్లను ఒక్కసారిగా వదిలితే నైట్రిఫికేషన్ తడబడుతుంది. ఒక ట్యాంకులో పట్టి, ప్రవాహం తక్కువుండే రాత్రి గంటల్లో కొంచెం కొంచెంగా వదిలితే చాలు. ఖర్చు లేని పని, ఫలితం వెంటనే కనిపిస్తుంది.

పైవాళ్లకు ఏం మాట ఇవ్వాలో జాగ్రత్తగా ఆలోచించుకో. సహజ హార్మోన్లను బ్యాక్టీరియాతో 90 శాతం పైన తగ్గించడం చేయగలిగిన పనే. ఇథినైల్ ఎస్ట్రాడయాల్ విషయంలో అంత ధైర్యంగా మాట ఇవ్వకు. యూరప్‌లో 2012లో దానికి ప్రతిపాదించిన హద్దు లీటరుకు 0.035 నానోగ్రాములు. ఒక్క బ్యాక్టీరియాతోనే అక్కడికి చేరతామని చెప్పడం నిజాయితీ కాదు. స్విట్జర్లాండ్ 2016 నుంచి పెద్ద ప్లాంటుల్లో చివర ఓజోన్‌నో యాక్టివేటెడ్ కార్బన్‌నో పెట్టిస్తున్నది ఇలాంటి మొండి పదార్థాల కోసమే. అలాగని బ్యాక్టీరియా పని వృథా కాదు. నీళ్లలో సేంద్రియ పదార్థం మిగిలితే ఓజోన్ ముందు దాని మీదే ఖర్చైపోతుంది. బ్యాక్టీరియా తన పని పూర్తిగా చేసిన నీళ్లకు ఓజోన్, కార్బన్ రెండూ తక్కువ సరిపోతాయి.

కల్చర్ ఎక్కడా పనికిరాదని నేననడం లేదు. హార్మోన్ మందులు తయారుచేసే చోట వచ్చే వ్యర్థ జలంలాగా పరిమాణం తక్కువ, హార్మోను గాఢత ఎక్కువ ఉన్న చోట పెంచిన బ్యాక్టీరియా బతకగలదు, ఎందుకంటే అక్కడ దాని తిండి దానికి ఉంది. అప్పుడు కూడా విడిగా పోయకుండా, నీళ్లలో వేసే ప్లాస్టిక్ ముక్కల (క్యారియర్ల) మీద పొరగా పెంచి వాడితే నిలుస్తుంది. మీలాంటి ఊరి మురుగు ప్లాంటులో క్యారియర్లు వేసే ఆలోచన ఉంటే వాటి మీద పొర తనంతట తానే కడుతుంది, నెమ్మది బ్యాక్టీరియాకు అది మంచి ఇల్లు. దానికి ఎవరి దగ్గరా పొడి ప్యాకెట్లు కొనాల్సిన పని లేదు. ఎవరైనా వచ్చి "మా పొడి వేస్తే వారంలో హార్మోన్లు మాయం" అంటే, ఎస్ట్రోన్ అంకెలు, అజైడ్ జార్ అంకెలు, మూడో నెల అంకెలు చూపించమను.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది. ఈ వారం ఏ వాల్వూ కదపకు. గడిచిన మూడు నెలల వేస్టింగ్ లెక్కల పుస్తకం, ఎంఎల్‌ఎస్‌ఎస్ రీడింగులు, అవుట్‌లెట్ అమోనియా, అవుట్‌లెట్‌లో ఘనపదార్థం, నీటి ఉష్ణోగ్రత, ఇవన్నీ ఒక కాగితం మీద రోజువారీగా రాసి నాకు పంపు. రాత్రి షిఫ్టులో వేస్టింగ్ ఎంతసేపు నడుస్తోందో పుస్తకంలో రాసింది ఒకటి, నిజంగా జరిగేది ఒకటి ఉండొచ్చు. ఒక రాత్రి నువ్వే వెళ్లి పంపు దగ్గర గడియారం పట్టుకుని చూడు. క్లారిఫయర్ దుప్పటి ఎత్తు ఉదయం, సాయంత్రం కొలిచి అది కూడా రాయి. అవి అందాక, మొదటి పది శాతం ఎప్పుడు తగ్గించాలో ఇద్దరం కూర్చుని లెక్కేద్దాం.

ఇట్లు,
మీ మాస్టారు